ఆరు రంగుల గౌను: ఒక పెళ్ళికూతురి కోసం నాలుగు నెలలు

పెళ్ళి బట్టల కోసం వచ్చేవాళ్ళు ఫోనులో కనీసం పాతిక ముప్ఫయి ఫోటోలు పెట్టుకుని వస్తారు. ఒకదాని మెడ, ఇంకొకదాని చేతులు, మరొకదాని కుచ్చులు కావాలంటారు. ఆ అమ్మాయి ఫోటోలేవీ తేలేదు. ఒక రేకు డబ్బా తెచ్చి నా బల్ల మీద బోర్లించింది. అందులోంచి పాత రిబ్బను ముక్క, ఎండి ముడుచుకుపోయిన పూరేకులు, చిన్నప్పటి గౌను గుండీ, గీరలు పడిన గాజు పూస, వెలిసిన దారపు కండె బయటపడ్డాయి. పసుపు నుంచి ఊదా దాకా రకరకాల ఛాయలు.

"నాకు ఇవన్నీ కావాలి అక్కా. కానీ ఊరికే నిలబడి ఉన్నప్పుడు ఇన్ని రంగులున్నాయని తెలియకూడదు. నడిచినప్పుడు తెలియాలి" అంది.

ఇన్నేళ్ళుగా కుడుతున్నాను గానీ, ఒక్క మాటలో ఇంత స్పష్టంగా తనకేం కావాలో చెప్పినవాళ్ళు తక్కువ. ఆ మాటను నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. తర్వాతి నాలుగు నెలల్లో ఎక్కడ సందేహం వచ్చినా ఆ పేజీ తిప్పి చూసుకునేదాన్ని.

వాళ్ళమ్మగారికి భయంగా ఉంది. "ఇన్ని రంగులు వేస్తే బట్ట కనబడుతుందే గానీ పిల్ల కనబడదండీ. తెలుపో మీగడ రంగో అయితే హుందాగా ఉంటుంది కదా" అన్నారు. ఆవిడ భయంలో న్యాయం ఉంది. రంగుల బట్టలు పాడయ్యేది చాలాసార్లు అందుకే. అయితే తెల్ల గౌను మనం అనుకున్నంత పాతది కాదని మాత్రం చెప్పాను. 1840 ఫిబ్రవరి 10న విక్టోరియా రాణి తన పెళ్ళికి తెల్ల పట్టు గౌను వేసుకున్న తర్వాతే ఆ పద్ధతి యూరప్‌లో బలంగా పాకింది. అంతకుముందు అక్కడి పెళ్ళికూతుళ్ళు కూడా తమ దగ్గరున్న వాటిలో మంచి బట్ట ఏ రంగుదైతే అదే కట్టుకునేవారు. ఆవిడ పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, నమూనా చూశాక మాట్లాడదామన్నారు. నాకు అది చాలు.

ఆ రోజు కొలతల కంటే ప్రశ్నలకే ఎక్కువ సమయం పట్టింది. పెళ్ళి ఏ పూట? ఎండలోనా, దీపాల కిందా? చెప్పులు ఎంత ఎత్తు? ఎంతసేపు కూర్చోవాలి? చేతులు పైకెత్తి ఎవరినైనా కౌగలించుకుంటావా? సాయంత్రం ఆరుబయట మొదలై రాత్రి లోపల దీపాల కింద ముగుస్తుందని, తాను తప్పకుండా గంతులు వేస్తానని చెప్పింది. వెలుతురు గురించి అడగకుండా రంగుల బట్ట మొదలుపెట్టకూడదు. పగటి వెలుతురులో చక్కగా కనిపించిన ఊదా రంగు, పసుపు పాళ్ళు ఎక్కువగా ఉండే దీపం కింద నల్లబడిపోతుంది. లేత పసుపైతే అదే దీపం కింద తెల్లగా పాలిపోతుంది.

తర్వాత ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఒక్కో రంగు గుడ్డను గడ్డం కింద పరిచి చూశాను. ఇందులో చూడాల్సింది గుడ్డను కాదు, మొహాన్ని. కొన్ని రంగులు గడ్డం కింద నీడను పెంచుతాయి, కళ్ళ కింద నలుపును పైకి తెస్తాయి. నిమ్మపసుపు పెట్టగానే ఆమె మెడ మీద ఆకుపచ్చ జీర కనిపించింది. రాణీ రంగు పెట్టినప్పుడు బుగ్గలు వెచ్చబడినట్టు అయ్యాయి. దూరంగా కూర్చున్న వాళ్ళమ్మగారు కూడా "అదే, అదే" అన్నారు. పైభాగం మొత్తం రాణీ రంగేనని, పసుపు నడుము కిందికి మాత్రమే రావాలని అక్కడికక్కడే తేలిపోయింది.

ఇక మిగిలింది అసలు చిక్కు. నిలబడితే కనిపించని రంగులు నడిస్తే ఎలా కనిపిస్తాయి?

రెండు వారాలు బొమ్మలు గీశాను. ఏదీ నచ్చలేదు. మడతల మధ్య రంగులు దాచి చూస్తే నడుము దగ్గర బరువు పెరిగింది. అంచుల్లో పెట్టి చూస్తే గీతలు గీతలుగా కనిపించింది. ఒక రాత్రి రంగు కాగితాల ముక్కలు బల్ల మీద వదిలేసి, వాటి మీద ట్రేసింగ్ కాగితం పడేశాను. పొద్దున చూస్తే అన్ని రంగులూ ఒకే పొగమంచులో ఉన్నట్టు కలిసిపోయి ఉన్నాయి. వేలితో కాగితాన్ని నొక్కినచోట మాత్రం కింది రంగు భగ్గున పైకి వచ్చింది. దారి అక్కడ దొరికింది. కింద ఆరు రంగుల మెత్తని పట్టు, దాని మీద ఒకే రంగు ఆర్గంజా పొర, అంటే బిగువుగా నిలబడే పల్చని పట్టు గుడ్డ. నిలబడినప్పుడు రెండు పొరల మధ్య గాలి ఉంటుంది, రంగులు మసకగా కలిసిపోతాయి. అడుగు వేస్తే మోకాలు కింది పొరను పైపొరకు ఆనిస్తుంది, ఆ చోట రంగు వెలుగుతుంది.

ఆరు రంగులు తేలడానికి ఇంకో వారం. నిమ్మపసుపు, మామిడిపండు రంగు, కనకాంబరం, దానిమ్మ, రాణీ రంగు, నేరేడు. డబ్బాలోని ముక్కలన్నీ ఏదో ఒక విధంగా ఈ వరుసలోకి వచ్చాయి, ఒక్క నీలం పూస తప్ప. దాన్ని చేరిస్తే వరుస తెగిపోతుంది. ఆ మాట చెప్పినప్పుడు ఆమె కాసేపు ఆలోచించి, పూసను తిరిగి డబ్బాలో వేసుకుంది.

వరుస ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలన్నది కూడా ఆలోచించాల్సిందే. లంగా భాగం చుట్టూ తిరిగే వస్తువు. పసుపుతో మొదలుపెట్టి నేరేడుతో ముగిస్తే, మొదలూ చివరా కలిసే చోట పసుపు పక్కన నేరేడు కత్తితో కోసినట్టు నిలబడుతుంది. అందుకని లంగాను నడుము నుంచి అంచు దాకా పొడవాటి ముక్కలుగా, అంటే పలకలుగా, కోయాలనుకుని, ముందు భాగం మధ్యలో రెండు పసుపు పలకలు పెట్టి, అక్కడి నుంచి రెండు వైపులా ఒకే వరుసలో వెనక్కి తీసుకెళ్ళాను. వెనక మధ్యలో రెండు నేరేడు పలకలు కలుస్తాయి, జిప్పు ఆ కుట్టులోకి వెళ్ళిపోతుంది. అంటే ఆరు రంగులు, రంగుకు రెండు చొప్పున పన్నెండు పలకలు.

లెక్క ఇలా వచ్చింది. నడుము 28 అంగుళాలు, పొడవు 42. అర్ధచక్రం కోతకు నడుమును 3.14తో భాగిస్తే 8.9 అంగుళాల వ్యాసార్థం వస్తుంది. దానికి పొడవు కలిపితే 50.9, అడుగు అంచు చుట్టుకొలత 160 అంగుళాలు, సుమారు 4 మీటర్లు. గంతులు వేయడానికి సరిపోతుంది, కాళ్ళకు అడ్డం పడదు. పన్నెండుతో భాగిస్తే ఒక్కో పలక పైన రెండుంపావు అంగుళాల పైచిలుకు, కింద 13 అంగుళాల పైచిలుకు. కుట్టు మార్జిన్లు వేరే.

పలకలుగా కోయడంలో రంగులే కాకుండా ఇంకో లాభం ఉంది. ఒకే గుడ్డలో అర్ధచక్రం కోస్తే కొన్ని చోట్ల పడుగు నిలువుగా, కొన్ని చోట్ల పూర్తి ఏటవాలుగా పడుతుంది. ఏటవాలు పడిన చోట గుడ్డ తన బరువుకు తానే సాగి, అంచు కిందికి జారుతుంది. పన్నెండు పలకల్లో ప్రతి పలక నడిమధ్య పడుగు నిలువుగా ఉంటుంది, అంచులు ఏడున్నర డిగ్రీలు మాత్రమే పక్కకు వాలతాయి. సాగడం బాగా తగ్గుతుంది.

ఇక రంగులు వేయడం. దుకాణంలో దొరికే రంగుల్లో నా వరుసకు సరిపడే ఆరు ఛాయలు ఒకే రకం పట్టులో దొరకవు. నాలుగు దొరికితే అయిదోది మెరుపు వేరు, ఆరోది మందం వేరు. తెల్ల పట్టు తెచ్చి స్వయంగా వేసుకోవడమే నయం.

ఇక్కడే నా పెద్ద తప్పు జరిగింది.

కింది పొర కోసం కోరా పట్టు కొన్నాను. పట్టుపురుగు దారం మీద సెరిసిన్ అనే జిగురు ఉంటుంది. కోరా పట్టు బరువులో అది దాదాపు పావు వంతు. సబ్బు, కొద్దిగా సోడా వేసిన వేడి నీళ్ళలో ఉడికిస్తే ఆ జిగురు కరిగిపోయి, పట్టుకు మనకు తెలిసిన మెత్తదనం, మెరుపు వస్తాయి. ఆ రోజు పని వేగంగా సాగుతోంది. ఎలాగూ నీళ్ళు మరుగుతున్నాయి కదా అని ఆర్గంజాను కూడా అదే గిన్నెలో వేశాను. ఆర్గంజా బిగువంతా ఆ జిగురులోనే ఉంది. గట్టిగా పురిపెట్టిన, జిగురు తీయని దారంతో నేస్తారు కాబట్టే అది గాజులా నిలబడుతుంది. అరగంట తర్వాత కర్రతో పైకి తీస్తే తడి చేతిరుమాలులా వేలాడింది. ఆరితే బిగుస్తుందేమోనని ఆరేశాను. బిగవలేదు. రెండు వేళ్ళ మధ్య పట్టుకుంటే దూదిలా జారిపోయింది.

నాకు తెలియని విషయం కాదు. తొందరలో చేతులు చేశాయి, బుర్ర చూసుకోలేదు. మొత్తం ఆర్గంజా నా ఖర్చుతో మళ్ళీ కొన్నాను. ఆ మెత్తబడిన గుడ్డను పారేయకుండా దాచుకున్నాను, చివర్లో దానికీ ఒక పని దొరికింది. రెండోసారి సబ్బు జోలికి పోలేదు. తర్వాత దానికి ఏ రంగో తేలాక, గోరువెచ్చని నీళ్ళలో తడిపి, 60 డిగ్రీల దగ్గర కొద్దిసేపే రంగులో ఉంచాను. అంత తక్కువ వేడికి రంగు లేతగానే ఎక్కుతుంది. మాకు కావాల్సిందీ అదే.

కింది పట్టుకు మాత్రం పూర్తి పద్ధతి పాటించాను. పట్టు మాంసకృత్తుల దారం, ఉన్నిలాగే. దానికి ఆమ్ల రంగులు పడతాయి. నూలుకు వాడే రంగులు వేరు, పద్ధతి వేరు. మూడే పొడులు తీసుకున్నాను: పసుపు, మెజెంటా, నీలి ఆకుపచ్చ. వంద మిల్లీలీటర్ల నీళ్ళలో ఒక గ్రాము పొడి చొప్పున మూడు సీసాల్లో కలిపి పెట్టుకున్నాను. ఇలా చేస్తే లెక్క సులువు. ఉడికించి ఆరబెట్టిన రెండు పలకలు కలిపి 64 గ్రాములు తూగాయి. పట్టు బరువులో 1 శాతం రంగు కావాలంటే 64 మిల్లీలీటర్లు, 2 శాతం కావాలంటే 128. పసుపుకు పసుపు ఒక్కటే. మామిడిపండు రంగుకు అందులో మెజెంటా కాసిని చుక్కలు. కనకాంబరానికి ఇంకొంచెం. ప్రతి మిశ్రమాన్నీ ముందు అరచేతంత ముక్క మీద వేసి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, నోటు పుస్తకంలో అతికించి, పక్కన కొలతలు రాశాను. తడి పట్టును చూసి రంగు నిర్ణయించకూడదు. తడిగా ఉన్నప్పుడు అది ఎప్పుడూ ముదురుగానే కనిపిస్తుంది.

ఒకే రంగు పలకలు రెండూ ఒకే గిన్నెలో, ఒకేసారి పడాలి. ఇందులో రాజీ పడకూడదు. ఒకటి ఈ రోజు, ఇంకొకటి రేపు వేస్తే ఎంత జాగ్రత్తగా కొలిచినా తేడా వస్తుంది.

రాణీ రంగు వేసిన ఉదయం నాకు బాగా గుర్తుంది. పెద్ద స్టీలు గిన్నె, అందులో పట్టు తేలిగ్గా ఈదేంత నీళ్ళు. మెజెంటా పోయగానే నీళ్ళు చీకటిగా మారాయి. తడిపిన పలకలు దించి, చెక్క కర్రతో ఆగకుండా తిప్పుతూ ఉన్నాను. ఆగితే మడత పడిన చోట మరక నిలుస్తుంది. వేడి నెమ్మదిగా పెంచాలి. పావుగంట తర్వాత వినెగర్ పోశాను, పట్టు మీద కాకుండా గిన్నె అంచున. అప్పటి నుంచి రంగు నీళ్ళను వదిలి పట్టును పట్టుకోవడం కళ్ళ ముందే జరుగుతుంది. 85 డిగ్రీలు దాటనివ్వలేదు, మరిగితే పట్టు మెరుపు పోతుంది. ముప్పావుగంట గడిచేసరికి గిన్నెలో నీళ్ళు దాదాపు తేటపడ్డాయి, అడుగున గిన్నె మెరుపు కనిపించింది. రంగంతా పట్టులోకి వెళ్ళిపోయింది. ఎన్నిసార్లు చేసినా ఆ నీళ్ళు తేటపడే క్షణం దగ్గర నేను పని ఆపి చూస్తాను. విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు 1856లో క్వినైన్ తయారు చేయబోయి, అనుకోకుండా ఊదా రంగును కనిపెట్టి, దాన్ని పట్టు ముక్క మీద వేసి చూసుకున్నాడు. ఈ సీసాల్లోని రంగులన్నీ ఆ దారిలో వచ్చినవే. ఆ ముక్క ఆరేదాకా అతను ఎలా ఆగాడో అనుకుంటాను.

ఆరు జతలూ ఆరాక, వరుసగా తీగ మీద వేలాడదీశాను. అయిదు బాగున్నాయి. నాలుగోది, దానిమ్మ, బాగా లేదు.

విడిగా తీసి చూస్తే చక్కటి ఎరుపు. వరుసలో పెడితే మట్టి కలిసినట్టు ఉంది. పైగా కనకాంబరం పక్కనున్న అంచు ఊదాగా, రాణీ రంగు పక్కనున్న అంచు ఇటుక రంగులో కనిపిస్తున్నాయి. ఒకే గిన్నెలో ఒకేలా పడిన రంగు ఒక పలకలోనే రెండు రకాలుగా ఎలా కనిపిస్తుంది? రెండు పక్కలూ తెల్ల కాగితంతో కప్పితే తేడా మాయమైంది. తీస్తే మళ్ళీ వచ్చింది. పారిస్‌లోని గోబెలాన్ నేతశాలలో రంగుల విభాగానికి అధిపతిగా ఉన్న షెవ్రూల్‌కు ఇలాంటి ఫిర్యాదే వచ్చింది, నల్ల దారం వెలవెలబోతోందని. పరీక్షించి చూస్తే దారంలో లోపం లేదు, దాని పక్కన నేసిన రంగు వల్ల అలా కనిపిస్తోంది. ఆ పరిశీలనలను ఆయన 1839లో గ్రంథంగా ప్రచురించాడు. నేను దాన్ని చదివి నేర్చుకున్నాను, అయినా నా తీగ మీద చూసినప్పుడే నిజంగా అర్థమైంది.

అంచుల దగ్గరి తేడా కంటి స్వభావం, దాన్ని ఆపలేం. ఆపక్కర్లేదు కూడా, వరుస జారుతున్నట్టు కనిపించడానికి అదే సాయం చేస్తుంది. మట్టి కలిసినట్టు ఉండటం మాత్రం నా పొరపాటే. ఎరుపును ముదురు చేద్దామని అందులో నీలి ఆకుపచ్చ రెండు చుక్కలు వేశాను. విడిగా ఉన్నప్పుడు అది లోతుగా కనిపించింది. రెండు వైపులా స్వచ్ఛమైన రంగులు నిలబడేసరికి మురికిగా తేలింది. ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీసి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. దానిమ్మ, రాణీ రంగు ఒకే బూడిద రంగులో ఉన్నాయి. మెట్లలా దిగాల్సిన వరుసలో రెండు మెట్లు ఒకే ఎత్తులో ఉన్నాయన్నమాట. అదృష్టవశాత్తూ నాలుగు పలకలకు సరిపడా పట్టు అదనంగా ఉడికించి పెట్టుకున్నాను. నీలి ఆకుపచ్చ మానేసి, పసుపు పాలు కొంచెం పెంచి, మొత్తం రంగు కాస్త తగ్గించి మళ్ళీ వేశాను. మొదటి జత పక్కన పెడితే కొత్తది పెద్ద ఎరుపులా అనిపించలేదు. వరుసలో పెట్టగానే నోరు తెరిచింది.

ఆర్గంజాకు ఏ రంగు అన్నది ఆ తర్వాతే తేల్చాం. తెల్లది కప్పితే అన్నీ పాలలో ముంచినట్టు పాలిపోయాయి. లేత నీలం కప్పితే పసుపు చచ్చిపోయింది. ఉల్లిపొర రంగు కప్పినప్పుడు పసుపు కొంచెం పండింది, నేరేడు కొంచెం వెచ్చబడింది, మధ్య రంగులన్నీ ఒక్క ఇంటి పిల్లల్లా కలిసిపోయాయి. వాళ్ళమ్మగారిని పిలిచాను. తీగ ముందు చాలాసేపు నిలబడి, ఆర్గంజాను తానే ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి చూశారు. "ఇప్పుడు పిల్ల కనబడుతుంది" అన్నారు. నాకు ఆ మాట ఎంత బలమిచ్చిందో చెప్పలేను.

కుట్టే ముందు ఒక పరీక్ష తప్పనిసరి. ప్రతి రంగు ముక్కనూ తడిపి, రెండు తెల్ల నూలు గుడ్డల మధ్య పెట్టి వేడి ఇస్త్రీతో నొక్కాను. అయిదు రంగులు తెల్లగుడ్డను ముట్టుకోలేదు, రాణీ రంగు గులాబీ జాడ వదిలింది. పైభాగం మొత్తం అదే రంగు, చెమట పట్టే చోటు. మిగులు రంగు పోయేదాకా నాలుగుసార్లు నీళ్ళు మార్చి జాడించి, మళ్ళీ పరీక్షించాకే కత్తెర పట్టాను.

దారాల దగ్గర కూడా ఒక రోజు పోయింది. ట్యూబులైటు కింద అచ్చంగా కలిసిన కనకాంబరం దారం, కిటికీ దగ్గరికి తీసుకెళ్తే గోధుమ రంగుకు తిరిగింది. ఒక వెలుతురులో కలిసిన రెండు రంగులు ఇంకో వెలుతురులో విడిపోతాయి. దారాన్ని ఎండలోనూ, దీపం కిందా రెండుచోట్లా చూడాలి. సరిగ్గా కలిసేది దొరక్కపోతే ఒక పిసరు ముదురుది తీసుకోవాలి. కండెగా ఉన్నప్పటి కంటే ఒంటి పోగుగా దారం లేతగా కనిపిస్తుంది.

పైభాగాన్ని ముందు కోరా నూలు గుడ్డలో కుట్టి తొడిగాను. వేసుకోబోయే లోదుస్తులు, చెప్పులు వెంట తెచ్చుకోమని ముందే చెప్పాను. గుడ్డ మీద పడే ముడతలు ఎటు చూపిస్తే తప్పు అక్కడ ఉంటుంది. ఆమె కుడి భుజం ఎడమదాని కంటే అర అంగుళం కిందికి ఉంది. రెండు వైపులా ఒకేలా కోసి ఉంటే కుడి చంక దగ్గర ఎప్పుడూ ఒక మడత నిలిచేది. చేతులెత్తమంటే నడుము మొత్తం పైకి లేచింది. ఇలాంటప్పుడు చంక దగ్గర ఇంకా లోతుగా కోయాలనిపిస్తుంది. చేయాల్సింది దానికి వ్యతిరేకం. కోత చంకకు దగ్గరగా, ఎత్తుగా ఉంటేనే చేయి బట్టను లాగకుండా లేస్తుంది. రెండో నమూనాలో ముప్పావు అంగుళం ఎత్తాను. ఆమె చేతులెత్తి గిర్రున తిరిగినా నడుము కదల్లేదు.

లోపల నడుము చుట్టూ గట్టి రిబ్బను పట్టీ ఒకటి కుట్టి, దానికి విడిగా హుక్కులు పెట్టాను. లంగా భాగం బరువంతా ఆ పట్టీ మోస్తుంది, పైభాగం కిందికి జారదు. బయటికి కనిపించదు గానీ, గంటల తరబడి వేసుకునే బట్టలో ఇది లేకపోతే వేసుకున్నవాళ్ళు రోజంతా పైకి లాక్కుంటూనే ఉంటారు.

పలకలు కలపడం తేలిక పని అనుకుంటారు. పట్టులో గుండుసూది గుచ్చిన చోటల్లా రంధ్రం ఉండిపోతుంది, అందుకే సూదులన్నీ మార్జిన్‌లోనే పెట్టాలి. సన్నని కొత్త సూది, చిన్న కుట్టు. ప్రతి కుట్టునూ కుట్టిన వెంటనే ఇస్త్రీతో నొక్కి, తర్వాతే పక్క పలక. ఆర్గంజా పారదర్శకం కాబట్టి లోపలి అంచులన్నీ బయటికి కనిపిస్తాయి. దాని నాలుగు పన్నాలను ఫ్రెంచ్ కుట్టుతో కలిపాను. ముందు మంచివైపు బయటికి ఉంచి కుట్టి, మార్జిన్ సన్నగా కత్తిరించి, తిరగేసి ఆ అంచులు లోపల దాగేలా మళ్ళీ కుట్టడం. గీత గీసినట్టు సన్నగా వస్తుంది.

నడుము దగ్గర రాణీ రంగు మీదికి ఆరు రంగుల పట్టుదారాలతో గొలుసుకుట్టు పాకించాను. ఆకులూ పూలూ ఏమీ లేవు, కింది నుంచి పైకి పల్చబడుతూ పోయే నిలువు గీతలు. రోజుకు మూడు గంటల చొప్పున పదహారు రోజులు పట్టింది. మొదట గుండెల దాకా గీసుకున్నాను. నాలుగు అంగుళాల దగ్గర ఆపేశాను. ఇంకా పైకి పోతే మొహంతో పోటీ పడేది.

అన్నీ కలిపాక గౌనును బొమ్మకు తొడిగి రెండు రోజులు వదిలేశాను. పలకల వల్ల సాగడం తక్కువే అయినా, కుట్ల దగ్గర కాలంగుళం దిగింది. అప్పుడు ఆమెను చెప్పులతో బల్ల మీద నిలబెట్టి, బల్ల నుంచి స్కేలుతో చుట్టూ గుర్తులు పెట్టి అంచు సరిచేశాను. సన్నగా చుట్టి చేత్తో కుట్టిన ఆ 160 అంగుళాల అంచుకు మూడు సాయంత్రాలు పట్టాయి.

నేను పాడుచేసిన ఆర్గంజా సంగతి చెప్పాలి కదా. బిగువు పోయి మెత్తబడిన ఆ గుడ్డ, లోపల నడుము పట్టీ ఒంటికి గుచ్చుకోకుండా చుట్టడానికి సరిగ్గా సరిపోయింది. చివరిసారి తొడిగి చూసినప్పుడు ఆమె నడుము తడుముకుని "ఇదేమిటి అక్కా, ఇంత మెత్తగా ఉంది" అంది. జరిగింది చెప్పాను. ఆమె అక్కడే ఆ డబ్బా తీసి, మిగిలిన ముక్క ఒకటి అడిగి, నీలం పూసను అందులో చుట్టి, పట్టీ లోపలి వైపు కుట్టించుకుంది. రంగుల వరుసలో చోటు దొరకని పూస అలా గౌనులోకి వచ్చింది.

పెళ్ళికి నన్నూ పిలిచారు. వెనక వరుసలో కూర్చున్నాను. సూర్యుడు పక్కవాటుగా ఉన్న వేళ ఆమె వచ్చింది. మొదట ఉల్లిపొర రంగు గౌను, రాణీ రంగు పైభాగం, అంతే. తర్వాత అడుగు వేసింది. మోకాలు తగిలిన చోట పసుపు వెలిగింది, ఆరిపోయింది. ఇంకో అడుగుకు మామిడిపండు రంగు. మలుపు దగ్గర పక్కకు తిరిగినప్పుడు గాలికి ఆర్గంజా ఎగిరి, కనకాంబరం నుంచి నేరేడు దాకా ఒక్కసారిగా కనిపించి, మళ్ళీ సర్దుకుంది. నా పక్కనున్న పెద్దావిడ కళ్ళు చికిలించి "ఏ రంగమ్మా అది?" అని ఎవరినో అడుగుతున్నారు.

నేను మాత్రం రెండోసారి వేసిన ఆ నాలుగో రంగు కోసం వెతికాను. ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూద్దామని ఆమె తిరిగిన ప్రతిసారీ చూశాను. దీపాలు వెలిగించాక కూడా చూశాను. కనిపెట్టలేకపోయాను.